క్యూలో నిలబడ్డ ఆడవాళ్లను ఎవరూ అడగలేదు: 2019 ఆంధ్ర ఎన్నికల నోటుపుస్తకం

2019 ఏప్రిల్ 11. రాత్రి తొమ్మిది దాటింది. గుంటూరు జిల్లాలో ఒక ఊరి హైస్కూలు ఆవరణలో ఇంకా క్యూ కదులుతూనే ఉంది. పొద్దున ఈవీఎం మొరాయించింది. విసుక్కుని వెళ్లిపోయిన వాళ్లంతా సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ వచ్చారు. వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. చంకలో పిల్లలు, చేతిలో ఓటరు స్లిప్పులు. ఆ రోజు రాష్ట్రంలో చాలా చోట్ల ఇదే పరిస్థితి. కొన్ని బూత్‌లలో ఓటింగ్ ముగిసేసరికి అర్ధరాత్రి దాటింది. నా పక్కన నిలబడ్డ రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఆ వరస చూపించి, "ఇదంతా పసుపు కుంకుమ ఓటండీ, ఇంక తిరుగులేదు" అన్నారు. పసుపు కుంకుమ అంటే అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం డ్వాక్రా ఆడవాళ్లకు డబ్బిచ్చిన పథకం. నేను తల ఊపి నోటుపుస్తకంలో ఆ మాటే రాసుకున్నాను.

అప్పటికే నాకు సర్వే పనిలో చాలా ఏళ్ల అనుభవం ఉంది. ఊళ్లకు ఎన్యూమరేటర్లను పంపడం, వాళ్లు నింపి తెచ్చిన ఫారాలు సరిచూడటం, అనుమానం వచ్చిన ఇళ్లకు నేనే మళ్లీ వెళ్లి బ్యాక్ చెక్ చేయడం నా పని. ఎవరిని ఎలా అడగాలో తెలిసిన మనిషిని. అయినా ఆ రాత్రి మాస్టారి మాట రాసుకున్నానే గానీ, క్యూలో ఉన్న ఒక్క ఆడమనిషి మనసులో ఏముందో నాకు తెలియదన్న సంగతి తట్టలేదు. ఆ తప్పును ఒక కేసుగా రాసి పెట్టాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. టీ కొట్టు లెక్కలు, వాట్సాప్ పోల్స్, యూట్యూబ్ మైకులు, "మా వాళ్లు తిరిగొచ్చి చెప్పారు" అనే సర్వేలు ఎంతవరకు నమ్మదగ్గవని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఈ నోటుపుస్తకాన్ని మించిన జవాబు నా దగ్గర లేదు.

42 రోజులు

పోలింగ్ ఏప్రిల్ 11న అయిపోయింది, లెక్కింపు మే 23న. మధ్యలో 42 రోజులు. దేశంలో ఆఖరి విడత పోలింగ్ మే 19న కాబట్టి, ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఏ సెక్షన్ ప్రకారం ఆ సాయంత్రం దాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదు. పద్ధతిగా చేసిన సర్వేలన్నీ పెట్టెల్లో ఉండిపోయాయి. బయట తిరిగింది మాత్రం పద్ధతి లేనివే. ఏ ఊరు వెళ్లినా ఒకటే ప్రశ్న: "ఎలా ఉందండీ మీ వైపు?"

మా ఏజెన్సీ పని పోలింగ్‌కు ముందే అయిపోయింది. ఖాళీ దొరికింది కదా అని విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి మధ్య తిరుగుతూ నా తృప్తి కోసం లెక్క కట్టడం మొదలుపెట్టాను. పద్ధతి చాలా సులువు. ఎవరు కనిపిస్తే వాళ్లను అదే ప్రశ్న అడగడం, సైకిల్ అంటే ఎడమ పేజీలో గీత, ఫ్యాన్ అంటే కుడి పేజీలో గీత. గ్లాసు అన్నవాళ్లకు అడుగున కాస్త చోటు వదిలాను. పందేల కబుర్లు వినిపిస్తే అవీ రాసుకున్నాను. నాలుగో వారం వచ్చేసరికి ఎడమ పేజీలో గీతలు బాగా ఎక్కువయ్యాయి. రాత్రి పొద్దుపోయాక కూడా కదలని ఆ ఆడవాళ్ల వరస కళ్ల ముందు ఉండనే ఉంది. పసుపు కుంకుమ కింద డ్వాక్రా సంఘాల్లో ఒక్కొక్కరికీ 3 విడతల్లో 10,000 రూపాయలు, ఆఖరి విడత సరిగ్గా పోలింగ్ ముందు. గీతలూ క్యూ ఒకే మాట చెబుతున్నాయని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మే 23న వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 151 వచ్చాయి. తెలుగుదేశానికి 23, జనసేనకు 1. నేను తిరిగిన నేలనే చూద్దాం. రాజధాని అక్కడే కాబట్టి సైకిల్‌కు ఎదురుండదని అందరూ అనుకున్న కృష్ణా, గుంటూరు జిల్లాల్లో 33 సీట్లుంటే తెలుగుదేశం గెలిచింది నాలుగే: గన్నవరం, విజయవాడ తూర్పు, గుంటూరు పశ్చిమ, రేపల్లె. మంగళగిరిలో నారా లోకేశ్ 5,337 ఓట్ల తేడాతో ఓడిపోయారు. దూరంగా ఉన్న కడప, కర్నూలు, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో మొత్తం సీట్లు ఫ్యాన్‌వే. అక్కడికి నేను వెళ్లలేదు కాబట్టి తెలియలేదని అనుకోవచ్చు. కానీ రోజూ తిరిగిన చోట కూడా నా పుస్తకం తప్పే చెప్పింది.

గీతలను మళ్లీ తిరగేస్తే

ఫలితాలొచ్చిన వారం తర్వాత పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి గీత పక్కనా గుర్తున్నంత వరకు నాలుగు సంగతులు రాశాను: ఎక్కడ అడిగాను, ఏ వేళప్పుడు, మగా ఆడా, ఒంటరిగా ఉన్నారా గుంపులోనా. ఫీల్డులో మా ఎన్యూమరేటర్లు ఇవి రాయకుండా ఫారం తెస్తే నేను వెనక్కి పంపేస్తాను. నా పుస్తకానికి మాత్రం ఆ నియమం పెట్టుకోలేదు.

అన్నిటికంటే ముందు కనబడింది వేళ. నేను ఊళ్లకు చేరేది పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకు. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు తెల్లవారకముందే గునపం, తట్ట పట్టుకుని బయల్దేరతారు. ఎండ ముదిరాక ఇంటికొచ్చి ఇంత తిని పడుకుంటారు. మిర్చి కోతలకు, కళ్లాల మీదకు వెళ్లిన వాళ్లు చీకటి పడితే గానీ రారు. ఎనిమిదింటికి టీ కొట్టు దగ్గర ఉండేదెవరు? సొంత పొలం కౌలుకిచ్చినాయన, రిటైరయిన ఉద్యోగి, ఆర్‌ఎంపీ డాక్టరు, ఎరువుల కొట్టు యజమాని, ఏదో ఒక పార్టీ కండువా కప్పుకున్న కుర్రాళ్లు. ఊళ్లో కబుర్లు పుట్టేది వాళ్ల దగ్గరే, కాని వాళ్ల ఓట్లు ఎన్నని? నేను అడిగింది ఊరిని కాదు, ఊరి సెంటర్‌ని.

తర్వాత గుంపు. దాదాపు ప్రతి సంభాషణలోనూ చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. మొదట మాట్లాడేవాడు కాస్త గట్టి మనిషి. ఆయన ఒకటి అన్నాక పక్కవాళ్లు దానికి అడ్డం చెప్పరు. "అంతేనండీ, ఇక్కడంతా అదే" అంటారు. నేను ఆ నలుగురికీ నాలుగు గీతలు గీశాను. నిజానికి వచ్చింది ఒక్క జవాబే. ఎస్సీ పేటలో అడిగినప్పుడు కూడా నా పక్కన ఊళ్లోంచి తోడొచ్చిన పెద్దమనిషి ఉన్నాడు. ఆయన ముందు ఆ పేటలో ఎవరు మనసు విప్పుతారు?

ఇక అసలు ప్రశ్న. "ఎలా ఉందండీ మీ వైపు?" అన్నది ఓటు గురించి అడిగే ప్రశ్న కాదు. గాలి గురించి అడిగే ప్రశ్న. జవాబు చెప్పేవాడు తాను విన్నది చెబుతాడు. అతను విన్నది పక్క ఊరి టీ కొట్టులో పుట్టిన మాట కావచ్చు, ముందు రోజు టీవీలో వచ్చింది కావచ్చు, ఎవరో లక్ష పందెం కాశాడన్న కబురు కావచ్చు. "ఎవరు గెలుస్తారనుకుంటున్నారు?" అని అడిగే పద్ధతిని నేను తీసిపారేయను. నలుగురితో తిరిగేవాళ్లను విడివిడిగా, అన్ని వర్గాల నుంచీ ఎంచి అడిగితే ఒక్కొక్కరూ తన చుట్టుపక్కల పదిమందిని మోసుకొస్తారు. అలా చేసినచోట అది బాగానే పనిచేసింది. నేను అడిగిన వాళ్లంతా ఒకరి మాట ఒకరు వినేవాళ్లే. ఒకే చెరువులో పదిసార్లు కడవ ముంచి, పది చెరువుల నీళ్లు చూశానని అనుకున్నాను.

చివరికి ఆడవాళ్ల లెక్క. వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు, వాళ్లలోనూ ఎక్కువమంది విజయవాడలో కొట్టు నడుపుకునేవాళ్లు. ఆ ఎన్నికలో ఓటేసిన వాళ్లలో మగవాళ్ల కన్నా ఆడవాళ్లే కాస్త ఎక్కువ. అంటే సగానికి పైగా ఓటర్లను నేను అడగనే లేదు. అడగని ఆ సగాన్ని క్యూ చూసి నింపేశాను.

జూన్‌లో వేరే పని మీద అదే ఊరు వెళ్లినప్పుడు, ఏప్రిల్‌లో నేను మాట్లాడిన ఇంటికే మళ్లీ వెళ్లాను. ఇంటాయన లేడు. డ్వాక్రా సంఘంలో లీడరుగా ఉన్న ఆయన భార్య కుర్చీ వేసింది. నేను ఆడవాళ్ల ఓటు సంగతి ఎత్తాను. "అన్నయ్యా, ఆ రోజు మీరు ఈ అరుగు మీదే కూర్చుని మా ఆయన్ని అడిగారు. నేను టీ తెచ్చిపెట్టాను. నన్నెవరు అడిగారు?" అంది. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టే. తర్వాత తనే చెప్పింది: "పదివేలు వచ్చినయ్యి. తీసుకున్నాం. 2014 ఎన్నికలప్పుడు మా సంఘాల అప్పులు మాఫీ అన్నారని కట్టడం ఆపాం గదా, వడ్డీ పెరిగి మా సంఘం మీదే పడింది. ఆ లెక్క మాకు గుర్తుండదా?" ఆ ఒక్కామె మాట రాష్ట్రంలో ఆడవాళ్లందరి మాట అని నేను అనను. అలా అంటే మళ్లీ అదే తప్పు. కాని క్యూలో నిలబడ్డ మనిషి లబ్ధిదారు అయినంత మాత్రాన ఓటు ఎటో మనం చదివేయలేమని ఆ అరుగు మీదే నాకు అర్థమైంది.

పేరున్న లెక్కలు కూడా

నాలాంటి వాళ్ల నోటుపుస్తకం ఎవరి కంటా పడదు. ఆ ఏడాది తెలుగునాట అందరూ ఎదురుచూసింది విజయవాడ మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సర్వే కోసం. అంతకుముందు ఆయన చెప్పింది జరుగుతుందన్న పేరుండేది, ఆంధ్రా ఆక్టోపస్ అనేవారు. 2018 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్, తెలుగుదేశం కలిసిన ప్రజాకూటమికి 65, టీఆర్ఎస్‌కు 35 అని, అటూ ఇటూ పది అని చెప్పారు. టీఆర్ఎస్‌కు 88 వచ్చాయి. కాంగ్రెస్‌కు 19, తెలుగుదేశానికి 2. స్వతంత్రులు చాలామంది గెలుస్తారన్నారు. వైరాలో ఒక్కరే గెలిచారు. అయిదు నెలల తర్వాత 2019 మే 19న ఆంధ్రలో తెలుగుదేశానికి 100, అటూ ఇటూ పది అన్నారు. అదీ తప్పింది. ఆ తర్వాత సర్వేలకు దూరంగా ఉంటానని ఆయనే ప్రకటించారు. ఆ రోజుల్లోనే ఇండియా టుడే కోసం యాక్సిస్ మై ఇండియా వైఎస్సార్ కాంగ్రెస్‌కు 119 నుంచి 135 దాకా చెప్పింది. అసలు అంకె అంతకన్నా ఎక్కువే అయినా దిశ సరిగ్గా పట్టుకున్నారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకరు తెలివైనవాళ్లు, ఒకరు కారని నేను అనడం లేదు. నాకు ముఖ్యమైన తేడా వేరు. లగడపాటి లెక్కలో ఎంతమందిని, ఎక్కడ, ఎలా ఎంచి అడిగారన్నది జనం చేతికి రాలేదు. "పది అటూ ఇటూ" అన్న మాట వినడానికి శాస్త్రంలా ఉంటుంది. ఆ పది ఏ శాంపిల్ నుంచి వచ్చిందో తెలియకపోతే దానికి అర్థం లేదు. పాత జోస్యాలు ఫలించాయన్న పేరే అక్కడ పద్ధతి స్థానంలో నిలబడింది.

ఆన్‌లైన్ పోల్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో విప్పి చూడటానికి ఎక్కువేమీ లేదు. ఆ ఎన్నికల్లో సోషల్ మీడియాలో జనసేన హోరు ఎంతో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పెట్టెల్లో ఓట్లు 5.5 శాతం, సీటు రాజోలు ఒక్కటే. పవన్ కల్యాణ్ గాజువాక, భీమవరం రెండు చోట్లా ఓడారు. ఆ పోల్స్‌లో నొక్కిన వేళ్లలో ఓటు వయసు రానివాళ్లవీ, డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉండి ఓటు వేయడానికి రానివాళ్లవీ, ఒకే మనిషి నాలుగు ఫోన్ల నుంచి నొక్కినవీ ఉంటాయి. అది అభిమానపు కొలత. పార్టీల వాళ్లకు దానితో పని ఉండొచ్చు, ఫలితం చెప్పడానికి అది పనికిరాదు.

ఎక్కువ మందిని అడిగితే సరిపోతుందా

ఇది నేను శిక్షణ ఇచ్చే ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న. "సార్, మీరు వందమందిని అడిగారు కాబట్టి తప్పింది. లక్షమందిని అడిగితే?" దానికి నేను 1936 అమెరికా చెబుతాను. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అంతకు ముందు అధ్యక్ష ఎన్నికల్లో వరసగా సరిగ్గా చెబుతూ వచ్చింది. ఆ ఏడాది ఎవరికి ఓటేస్తారని అడుగుతూ కోటి కార్డులు పోస్టు చేసింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 43 శాతం, ఆయన మీద పోటీ చేసిన లాండన్‌కు 57 అని ప్రకటించింది. రూజ్‌వెల్ట్‌కు వచ్చింది దాదాపు 61 శాతం. 48 రాష్ట్రాల్లో లాండన్ గెలిచినవి మెయిన్, వెర్మాంట్ రెండే. రెండేళ్లకు ఆ పత్రికే మూతపడింది.

ఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి అడ్రసులు తీసుకున్నారు, అందుకే ధనికుల ఓటే దొరికిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది సగం నిజం. షికాగోలో ఓటరు జాబితా నుంచే ప్రతి మూడో మనిషికీ కార్డు పంపారు. జాబితాలో లోపం లేదు. అక్కడా లెక్క తప్పింది. ఎందుకంటే కార్డు అందిన వాళ్లలో తిప్పి పంపింది కొద్దిమందే, రూజ్‌వెల్ట్ మీద కోపంగా ఉన్నవాళ్లకు పంపాలన్న పట్టుదల ఎక్కువ. అడిగిన వాళ్లు అందరూ ఉన్నారు, జవాబిచ్చినవాళ్లు ఒక రకం వాళ్లే. నా టీ కొట్టు గుంపు కూడా అంతే. 23 లక్షల మందిని లాటరీ తీసినట్టు ఎంచితే పొరపాటు ఒక శాతంలో పదో వంతు కూడా ఉండదు. వాళ్లకు వచ్చిన పొరపాటు దాదాపు 18 పాయింట్లు.

సరిగ్గా ఎంచిన వెయ్యిమందితో కూడా ఒక పార్టీ ఓటు శాతం మూడు పాయింట్లు అటో ఇటో ఉంటుంది. ఇద్దరే పోటీ పడుతుంటే ఒకరికి పెరిగింది ఇంకొకరికి తగ్గుతుంది కాబట్టి తేడాలో పొరపాటు ఆరు పాయింట్ల దాకా పోతుంది. ఇక ఓట్ల నుంచి సీట్లకు వెళ్లడం ఇంకో అడుగు. తెలుగుదేశానికి 2019లో 39.17 శాతం ఓట్లకు 23 సీట్లు వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2024లో 39.37 శాతానికి 11 వచ్చాయి. దాదాపు అవే ఓట్లు, సీట్లు సగం కూడా లేవు. ఎదుటివాళ్లు కలిసి పోటీ చేశారా విడివిడిగానా అన్నదే అక్కడ తేల్చింది. విజయవాడ సెంట్రల్‌లో 2019లో గెలుపు తేడా 25 ఓట్లు. ఆ సీటు ఎవరిదో ముందుగా చెప్పానన్నవాళ్లు సర్వే వల్ల చెప్పలేదు. అందుకే అనధికార లెక్కతో ఎవరైనా "ఫలానా నియోజకవర్గం ఇంత మెజారిటీ" అంటే నేను వినడం మానేస్తాను. గాలి చాలా బలంగా ఉన్నప్పుడు దిశ వరకు చెబితే కాస్త వింటాను.

మళ్లీ అదే క్యూ

2024 మే 13న పోలింగ్, జూన్ 4న ఫలితం. ఈసారి మధ్యలో 22 రోజులు. పోలింగ్ పోస్టల్ బ్యాలెట్‌తో కలిపి 81.86 శాతం. ఆ రాత్రి కూడా ఆడవాళ్లు పొద్దుపోయేదాకా వరసలో ఉన్నారు. ఈసారి ఆ వరసకు పెట్టిన పేరు అమ్మ ఒడి, చేయూత. రెండూ వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వ పథకాలే. అయిదేళ్లు ఖాతాల్లో డబ్బు పడింది కాబట్టి అక్కచెల్లెమ్మల ఓటు ఫ్యాన్‌కేనని గట్టిగా నమ్మిన వాళ్లు నా తోటి వృత్తివాళ్లలోనూ ఉన్నారు. ఆరా అనే సర్వే సంస్థ జూన్ 1న వైఎస్సార్ కాంగ్రెస్‌కు 94 నుంచి 104 ఇచ్చింది. యాక్సిస్ మై ఇండియా తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 98 నుంచి 120 అంది. కేకే సర్వేస్ 161 అన్నప్పుడు నవ్విన వాళ్లు చాలామంది. కూటమికి 164, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. అయిదేళ్ల క్రితం లోకేశ్ ఓడిన మంగళగిరిలోనే మెజారిటీ 91 వేలు దాటింది.

ఒకే వరసను రెండుసార్లు చూశారు. రెండుసార్లూ అధికారంలో ఉన్న పార్టీ ఇచ్చిన డబ్బుతో దానికి అర్థం చెప్పారు. రెండుసార్లూ తప్పింది.

ఈసారి నేను నోటుపుస్తకం మార్చాను. ఎడమ, కుడి పేజీలు తీసేశాను. ఊళ్లో ఏ ఇంటికి వెళ్లాలో నేను ఎంచుకోలేదు. బూత్ ఓటరు జాబితాలో మొదటి పేరు చీటీ తీసి, అక్కడి నుంచి ఇన్నేసి పేర్లకు ఒకటి చొప్పున వెళ్లాను. ఆ మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటివాళ్లను అడగలేదు, పొద్దుగూకాక మళ్లీ వెళ్లాను. ఆడవాళ్లను అడగడానికి మా బృందంలో ఒక అమ్మాయి వచ్చింది. మగవాళ్లను నేను అరుగు మీద మాటల్లో పెడితే, తను లోపల వంటింటి గడప దగ్గర కూర్చునేది. ఎవరికి వేశారో నోటితో చెప్పమనలేదు, గుర్తులున్న చీటీ మీద టిక్కు పెట్టి అట్టపెట్టెలో వేయమన్నాం. అదే చీటీలో 2019లో ఎవరికి వేశారో కూడా గుర్తు పెట్టించాం. ఈ రెండో ప్రశ్న చాలా ముఖ్యం. ఆ బూత్‌లో 2019 ఫలితం మన దగ్గర ఉంటుంది కదా, జనం చెప్పిన పాత ఓటు దానికి ఎంత దూరంగా ఉందో చూస్తే మనకు దొరికిన మనుషులు ఎటు ఒరిగి ఉన్నారో తెలుస్తుంది. గెలిచిన పార్టీకే వేశామని చెప్పేవాళ్లు ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటారు, దాన్నీ కలుపుకుని చూడాలి.

అట్టపెట్టె విప్పినప్పుడు వంటింటి గడప దగ్గరి చీటీలు అరుగు మీది మాటలతో కలవలేదు. భూముల పట్టా పుస్తకాల భయం, మద్యం రేట్లు, కరెంటు బిల్లులు, ఇవన్నీ మా అమ్మాయి రాసుకున్న కాగితాల్లోనే ఎక్కువ కనిపించాయి. కూటమి గెలుస్తుందని నా పుస్తకంలో రాసుకున్నాను. ఇంత పెద్ద గెలుపు అని మాత్రం రాయలేదు.

ఎందుకు రాయలేకపోయానో జూన్‌లో మళ్లీ చూసుకున్నాను. జాబితాలో పేరుంది, తలుపుకు తాళం ఉంది: అలాంటి ఇళ్లు ఊరికి కొన్ని వచ్చాయి. వాళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పని చేసుకుంటూ, పోలింగ్‌కు ముందు రోజు పంతంగి టోల్‌గేటు దగ్గర గంటలు గంటలు ఆగి వచ్చి, ఓటేసి, ఆ రాత్రికే తిరుగు బస్సెక్కిన వాళ్లు. నేను వెళ్లేసరికి ఊళ్లో లేరు. ఎనిమిదింటి టీ కొట్టుకు కూలీలు ఎలా దొరకలేదో, సాయంత్రం ఆరింటి గడపకు వీళ్లు అలాగే దొరకలేదు. వచ్చేసారికి పుస్తకంలో కొత్త కాలమ్ గీసి పెట్టాను: తాళం ఉన్న ఇల్లు, ఎన్ని ఓట్లు, పక్కింటి వాళ్ల దగ్గర ఫోన్ నంబర్ ఉందా. పోలింగ్ రాత్రి గుంటూరు బస్టాండులో హైదరాబాద్ బస్సుల ప్లాట్‌ఫాం దగ్గర అట్టపెట్టెతో ఇద్దరిని నిలబెట్టడానికి మా అమ్మాయి అప్పుడే ఒప్పుకుంది.